పెరటి తలుపు యూనియన్

ఇన్సూరెన్సును చెయ్యెత్తి ఓటేసి ఎంచుకున్న ఊరు భూమ్మీద ఇంకోటి ఉంటుందని నేననుకోను. మా ఊరు ఆ పని చేసింది. అక్టోబరులో, యూనియన్ హాలులో, ఊరికే వచ్చిన రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్‌లు తింటూ మరీ చేసింది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మా మగవాళ్లు.

వాళ్లని అని మాత్రం ఏం లాభం? అందరూ ఉక్కు కంపెనీ బొగ్గు బట్టీల్లో ఒళ్లు కాల్చుకున్నవాళ్లే. జీతం పెంచాలన్నా, చేతులకి కొత్త తొడుగులు కావాలన్నా హాలులో చేరి చేతులెత్తేవారు. అందరూ ఒక మాట మీద ఉంటే కంపెనీ దిగొచ్చేది. రిటైరయ్యాక కూడా ముసలివాళ్లకి ప్రభుత్వం నడిపే మెడికేర్ ఇన్సూరెన్సు ఇచ్చింది పోను మిగతా ఖర్చు కంపెనీ నిధి భరించేది. మొగుడికీ పెళ్లానికీ కలిపి ఒకే కార్డు. అందులో ఏముందో, ఏం లేదో మేమెవరం ఒక్కనాడు చదివిన పాపాన పోలేదు. ఆ ఏడు ఆకులు రాలే వేళకి ఆ నిధి కాస్తా మూతపడింది. జనవరి నుంచి ఎవరి ఇన్సూరెన్సు వాళ్లే చూసుకోండి, డిసెంబరు మొదటి వారంలోగా తేల్చుకోండి అని కబురొచ్చింది.

కబురొచ్చిన వారానికే తన ప్లాను వివరాల పచ్చ అట్టలు పట్టుకుని ఒక ఇన్సూరెన్సు కుర్రాడు హాలుకి వచ్చాడు. మెడికేర్ ఇచ్చేదంతా వాళ్ల కంపెనీయే ఇస్తుందట, పైన ఇంకా బోలెడు కలిపిస్తుందట.

"నెలకి అదనంగా ఒక్క సెంటు కట్టక్కర్లేదు. పళ్లకి ఉంది, కళ్లద్దాలకి ఉంది, వ్యాయామశాల కూడా ఫ్రీ," అన్నాడు కుర్రాడు.

"నాకు పళ్లే లేవు కదా బాబూ!" అని అరిచాడు రెజీ టోలివర్.

"కొత్తవి పెట్టిస్తారు సార్."

"అయితే ఇంకో శాండ్‌విచ్ ఇలా పడెయ్. ప్రాక్టీసు చేసుకుంటాను."

హాలంతా గొల్లుమంది. అప్పుడు స్టీవ్ యుర్కో లేచాడు. రిటైరైనవాళ్ల సంఘానికి ప్రెసిడెంటు, గొంతు విప్పితే కిటికీలు అదురుతాయి.

"పదిమంది పది దారులు పట్టారనుకోండి, ఈ ఇన్సూరెన్సు కంపెనీలు ఒక్కొక్కణ్ణీ నమిలి ఊసేస్తాయి. అందరం ఒకే ప్లానులో ఉన్నామనుకోండి, మనతో మర్యాదగా మాట్లాడతాయి. ఇన్నేళ్లు మనం బతికింది అలాగే కదరా? డిసెంబరు మొదటి శనివారం ఇదే హాలులో అందరం కలిసి సంతకాలు పెడదాం. ఏమంటారు?"

చేతులు లేచాయి. మా ఆయన ఎమిల్ రెండు చేతులూ ఎత్తాడు. అతని పక్కనే కూర్చున్న నిక్ ఫెర్రా ఎమిల్ వంక ఒకసారి చూసి తనూ ఎత్తాడు. పెళ్లాలం వెనక కాఫీ బల్ల దగ్గర నిలబడ్డాం. మాకు ఓటు లేదు. నోరుందిగా!

"పిట్స్‌బర్గులో డాక్టర్ వెక్స్లర్ మీ ప్లానులో ఉందా?" అని అడిగాను.

"మా డాక్టర్ల జాబితా చాలా పెద్దదమ్మా," అన్నాడు కుర్రాడు.

"పెద్దదో చిన్నదో నాకెందుకు? ఆవిడ ఉందా, లేదా?"

"చూసి చెప్తానమ్మా."

ఆ చూడటం ఇప్పటిదాకా అవలేదు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఎమిల్ మొదలుపెట్టాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"నీ పరువు సంగతి కాదు, నీ ఊపిరితిత్తుల సంగతి అడిగాను."

నాలుగేళ్ల కిందట ఆ బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగితే లేచేవాడు కాదు. రొప్పుతూ అలాగే మంచం మీద కూలబడేవాడు. మా ఊరి డాక్టరు 'వయసు, బట్టీల పొగ, ఏం చేస్తాం' అని చేతులు దులుపుకున్నాడు. డాక్టర్ వెక్స్లర్ మాత్రం అతని మందులన్నీ మార్చేసింది. వారానికి రెండుసార్లు పిలిపించి, చంటిపిల్లాడికి నడక నేర్పినట్టు ఊపిరి తీసుకోవడం మళ్లీ నేర్పించింది. ఇప్పుడు గడ్డి కోస్తున్నాడు, మెట్లెక్కుతున్నాడు, నాతో పోట్లాడుతున్నాడు. ఆ డాక్టరు చెయ్యి వదిలితే నా మొగుడు నాకు దక్కడు. నాకున్న భయమంతా అదొక్కటే.

"ఆవిడ లేకపోతే ఇంకొకళ్లు ఉంటారు," అన్నాడు.

"ఆ ఇంకొకళ్లని చూశాంగా! నిన్ను శవపేటిక కొలతలకి పంపినంత పని చేశారు."

"చూడు వెర్నా. ఆర్నెల్ల సమ్మెలో పిల్లలకి పాలు లేకపోయినా మనూళ్లో ఒక్కడంటే ఒక్కడు గేటు దాటలేదు. ఇప్పుడు ఒక డాక్టరమ్మ కోసం నన్ను దాటమంటావా? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని, నువ్వొకత్తివి!"

ఆ మాట పూర్తయ్యేసరికే ఆయాసం వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. నేను మందు పీల్చే గొట్టం తెచ్చి చేతిలో పెట్టాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో, అదీ ఊపిరాడని మనిషితో ఏం వాదిస్తాం?

మర్నాడు కౌంటీ వృద్ధుల కేంద్రానికి వెళ్లాను. అక్కడ గ్వెన్ టేట్ అని ఒకావిడ జనానికి మెడికేర్ ప్లానులు పోల్చి చూపించే పని ఉచితంగా చేస్తుంది. ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పేది. నేను కోపంగా చెప్పుకుపోతుంటే నా ముందు ఒక బిస్కెట్ పెట్టి, నేను అది నమిలేదాకా ఆగింది.

"ఉన్నవి రెండే దారులు," అంది. "ఒకటి, అసలు మెడికేర్‌ని అలాగే ఉంచుకుని, అది వదిలేసే ఖర్చుకి పైన ఒక అతుకు వేసుకోవడం. మందులకి వేరే చిన్న ప్లాను. నెలనెలా కట్టాలి. కానీ మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లొచ్చు. రెండోది, మీ పచ్చ అట్టలాంటిది. అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. కట్టేది తక్కువ, పళ్లూ అద్దాలూ అదనం. కానీ వాళ్ల జాబితాలో ఉన్న డాక్టర్లతో సరిపెట్టుకోవాలి."

"రెండిట్లో ఏది మంచిది?"

"బూట్ల షాపుకి వెళ్లి ఏ సైజు మంచిదని అడుగుతావా? ఎవరికి, ఏ డాక్టరు, ఏ మందులు, అవి చెబితే చూద్దాం."

ఎమిల్ మందుల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. గ్వెన్ కంప్యూటర్లో వెతికింది. పచ్చ ప్లానులో డాక్టర్ వెక్స్లర్ లేదు. ఆవిడ పనిచేసే ఆసుపత్రే లేదు.

"పోనీ, ఈ ఏడాదికి మా ఆయన పంతమే నెగ్గనిచ్చి, తరవాత మారిస్తేనో?" అన్నాను.

గ్వెన్ కళ్లద్దాలు తీసింది. "అదే కష్టం వెర్నా. పాత ఇన్సూరెన్సు దానంతటదే పోయింది కాబట్టి, ఇప్పుడైతే అతుకు అమ్మేవాళ్లు మీ ఆయన జబ్బులు అడగడానికి వీల్లేదు. తరవాత వెళితే అడుగుతారు. ఆయన ఊపిరితిత్తుల సంగతి వింటే తలుపేసేస్తారు. ఈ తలుపు ఇప్పుడు తెరిచి ఉంది. మళ్లీ తెరుచుకుంటుందని నేను చెప్పలేను."

"మేమంతా కలిసి ఒకేదాంట్లో చేరితే వాళ్లు మమ్మల్ని మర్యాదగా చూస్తారటగా?"

"మీరంతా కలిసి చేరారని వాళ్లకి తెలిస్తేగా! ఎవరి సంతకం వాళ్లదే. ఇక్కడ బేరమాడేందుకు యూనియన్ లేదు."

సాయంత్రం సూపు వడ్డిస్తూ ఇదంతా ఎమిల్‌కి పూసగుచ్చినట్టు చెప్పాను. అతను రొట్టె ముక్క ముంచుకుంటూ విన్నాడు.

"ఆవిడ మన యూనియనా?"

"టీచర్ల యూనియన్."

రొట్టె నమిలి మింగాడు. "అది వేరు," అన్నాడు.

గోడకి చెప్పుకున్నా అది కాస్త తల ఊపేదేమో.

శుక్రవారం చర్చి కింది గదిలో ఆడవాళ్లం పిరోగీలు చేస్తున్నాం. పండగ సీజన్ వస్తోంది కదా, డజన్ల కొద్దీ అమ్ముడుపోతాయి. పిండి బిళ్లల్లో ఉడికిన బంగాళాదుంపా చీజూ పెట్టి అంచులు నొక్కుతూ నా కడుపులో మంటంతా అక్కడ కక్కేశాను. గ్వెన్ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. వింటున్న పెళ్లాలంతా అంచులు మామూలు కంటే గట్టిగా నొక్కారు.

మంగళవారం పొద్దున పెరటి తలుపు మీద ఎవరో గోకినట్టు చప్పుడైంది. తీస్తే రెజీ టోలివర్. చంకలో ఒక క్యాబేజీ.

"ఎమిల్ ఉన్నాడా?"

"పేకాటకి హాలుకి వెళ్లాడు."

"తెలుసు. అందుకే వచ్చాను."

క్యాబేజీ నా చేతిలో పెట్టి లోపలికి జారుకున్నాడు. వాళ్లావిడ లొరెట్టాకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటుంది. ఇద్దరం కూర్చుని గ్వెన్‌కి ఫోను చేశాం. లొరెట్టా వెళ్లే కేంద్రం పచ్చ జాబితాలో లేదని తేలింది. పళ్లు లేని నోటితో ఊరంతా నవ్వించే మనిషి మొహం పాలిపోయింది.

"అక్కడి నర్సులు దాన్ని చెల్లెల్లా చూసుకుంటారు వెర్నా. వాళ్లని మార్పించనా? నా వల్ల కాదు. అతుకే వేయించు." లేచి తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. "నువ్వు ఒట్టెయ్యాలి. ఎమిల్‌కి తెలియకూడదు. వాడు జన్మలో నా మొహం చూడడు."

సరేనని ఒట్టేశాను. అదే నా కొంప ముంచింది.

ఒకళ్ల తరవాత ఒకళ్లు మొదలయ్యారు. ముందు వాకిట్లోంచి వస్తే ఎక్కడ ఎవరి కంటబడతారో అని, అందరూ వెనక సందులోంచి వచ్చి పెరటి మెట్లెక్కేవారు. ఒకడు అప్పు తీసుకోని గిన్నె తిరిగివ్వడానికి వచ్చానన్నాడు. ఇంకొకడు మా నల్లా కారుతోందని విన్నానన్నాడు, చేతిలో రెంచి కూడా ఉంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ప్రతివాడూ గీత దాటింది తనొక్కడేననుకున్నాడు. ప్రతివాడూ ఒట్టేయించుకున్నాడు. ప్రతివాడూ క్యాబేజీ తెచ్చాడు.

"ఏమే, ఇన్ని క్యాబేజీలు ఎక్కడివే?" అన్నాడు ఎమిల్ ఒకరోజు.

"చర్చిలో మిగిలాయట."

"మనల్ని కుందేళ్లనుకున్నారా?"

గ్వెన్ గురువారాలు, ఎమిల్ పేకాటకి వెళ్లాక, తన కంప్యూటరు పట్టుకుని నేరుగా మా వంటింటికే రావడం మొదలుపెట్టింది. అందరూ పచ్చ ప్లాను వద్దన్నారని కాదు. మా వీధి చివరి డాక్టరు తప్ప ఇంకెవరి మొహం ఎరగనివాళ్లకి అదే చక్కగా సరిపోయింది. కొందరికి వేరే సంచి ప్లానులు నప్పాయి, కొందరికి అతుకులు. మందుల లెక్క చూసేసరికి ఒకే ఇంట్లో మొగుడికొకటి పెళ్లానికొకటి తేలిన సందర్భాలూ ఉన్నాయి. "ఇన్నేళ్ల కాపురంలో మేమిద్దరం వేరుపడటం ఇదే మొదటిసారి," అని ఒక ముసలమ్మ తెగ సిగ్గుపడింది.

ఇబ్బందల్లా ఆ శనివారంతోనే. రెజీ ఏమన్నాడంటే, తనూ అందరితో హాలుకొచ్చి ఉత్తుత్తిగా పచ్చ సంతకం పెట్టేస్తాడట, ఎవరికీ అనుమానం రాదట. గ్వెన్ తల పట్టుకుంది. "ఆఖరున పెట్టిన సంతకమే చెల్లుతుంది నాయనా! అది పెడితే ఇది పోతుంది." దాంతో ఆ శనివారం అందరికీ ఎక్కడ లేని పనులూ పుట్టుకొచ్చాయి. జింకల వేట కాలం కదా, సగం మంది వేటకి పోతామన్నారు. రెజీ కూడా పోతానన్నాడు.

"నువ్వు జన్మలో తుపాకి పట్టావా?" అన్నాను.

"జింకని ఊరికే చూసొస్తాను. దానికేం అభ్యంతరం?"

నాకు నవ్వు రాలేదు. శనివారం పొద్దున ఖాళీ హాలులో మా ఆయన ఒక్కడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని ఉండటం కళ్లకి కట్టింది. గేటు దగ్గర ఎవరూ లేరు, నా పిచ్చి మొగుడు మాత్రం కాపలా కాస్తున్నాడు. అందరి ఒట్లూ నా నెత్తిన ఉన్నాయి. పక్కలో పడుకున్న మనిషికి, 'ఒరే నాయనా, అందరూ ఎప్పుడో దాటేశారురా' అని చెప్పే దారి లేదు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లాక చలి ముదిరింది. ఎమిల్‌కి దగ్గు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే, ఒక పొద్దున, టోపీ కళ్లమీదికి లాక్కుని పెరటి మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు స్టీవ్ యుర్కో. ప్రెసిడెంటుగారే! చేతిలో క్యాబేజీ లేదు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలు అదిరే ఆ గొంతు వాళ్లావిడ సంగతి గుసగుసలాడింది.

"రోజ్మేరీకి మతిమరుపు ముదిరింది వెర్నా. నన్ను చూసి ఎవరు నువ్వంటోంది. ఇంటికొచ్చే నర్సునీ, ఆ డాక్టర్నీ మాత్రం గుర్తుపడుతుంది. పచ్చదాంట్లో ఇద్దరూ లేరట. అడిగి తెలుసుకున్నాను." చేతుల్లో టోపీ నలిపాడు. "తీర్మానం పెట్టింది నేను. నేనే దాటితే నన్నేమంటారు?"

అతన్ని చూసి జాలేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది.

"ఈ మాట హాలులో లేచి చెప్పు స్టీవ్. ఎమిల్ నీ మాట నమ్ముకుని కూర్చున్నాడు. మనిషి పోతాడు, తెలుసా? ఆ డాక్టరు లేకపోతే మనిషి పోతాడు!"

"చెప్తాను. టైము చూసి చెప్తాను."

"ఏ టైము చూస్తావు, సమాధి తవ్వాకనా?"

అతను తల దించుకుని, "రోజ్మేరీది ముందు తేల్చు తల్లీ," అన్నాడు. గురువారం గ్వెన్ వస్తుంది, అప్పుడు రమ్మన్నాను.

ఆ గురువారమే గ్వెన్ మా ఇంటికి రావడానికి ఆఖరి రోజు. మిగిలినవాళ్లంతా ఒక్కసారే ఎగబడ్డారు. వంటింట్లో కుర్చీలు చాలక బకెట్లు బోర్లించి కూర్చున్నారు. అంతదాకా ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు వచ్చినవాళ్లు ఎదురెదురు పడేసరికి ముందు మొహాలు తిప్పుకున్నారు, ఆ తరవాత దొంగ నవ్వులు నవ్వారు. "జింక అప్పుడే దొరికిందా రెజీ?" అని యుర్కో అంటే, "ఇదిగో, కాఫీ తాగుతోంది," అని రెజీ అతన్నే చూపించాడు. అంతా కిసుక్కుమన్నారు. అప్పుడు పెరటి తలుపు తెరుచుకుంది.

ఎమిల్.

దగ్గుతూ నిలబడ్డాడు. చెవులు చలికి ఎర్రబడ్డాయి. ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ వచ్చాడు. యుర్కో మీద చూపు కాసేపు ఆగింది.

"హాలులో ఒక్క పురుగు లేదు," అన్నాడు. "పేక నేనొక్కణ్ణే పంచుకున్నాను. అందరూ ఎక్కడికి పోయార్రా అనుకున్నాను."

"ఎమిల్, తప్పు నాది," అని యుర్కో లేచాడు. "నేనే..."

ఎమిల్ చెయ్యి చూపించి ఆపాడు. మాట్లాడటానికి ఊపిరి కూడదీసుకుంటున్నాడు. ఇప్పుడు వీడు వీళ్లందరినీ సమ్మె ద్రోహులంటాడు, వెళ్లి పంతానికి ఆ పచ్చ సంతకమే పెడతాడు, అయిపోయింది అనుకున్నాను.

"నిక్ ఏడీ?" అన్నాడు ఎమిల్.

కొండ మీద ఒక్కడూ ఉంటాడు నిక్ ఫెర్రా. ఫోను మోగినా ఎత్తడు. చదువు కూడా అంతంతమాత్రం. హాలులో అందరూ చెయ్యెత్తితే ఎత్తుతాడు, దించితే దించుతాడు.

"నిక్ రాలేదు," అన్నాను.

"వాడికి చెప్పారా?"

రెజీ చేతిలోని కప్పు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"అంటే ఇంతమందీ వెనక తలుపులోంచి బయటపడ్డారు, వాణ్ణి మాత్రం అక్కడే నిలబెట్టేశారు." ఎమిల్ గొంతు పెరగలేదు. పెరిగేంత ఊపిరి లేదు. "దాటినందుకు నాకు కోపం లేదురా. ఎవడి పెళ్లాం వాడికి ముఖ్యం. గేటు తెరుచుకుందని పక్కవాడికి ఎందుకు చెప్పలేదురా? యూనియన్ అంటే అదొక్కటే కదరా!"

తిరిగి మెట్లు దిగాడు. ట్రక్కు తాళాలు తీసుకుని నేను వెనకే పరిగెత్తాను.

"ఎక్కడికి? ఆ దగ్గుతో?"

"నిక్ దగ్గరికి."

"నేను నడుపుతాను, జరుగు."

యుర్కో కూడా వచ్చి వెనక ఎక్కాడు. ఎవరూ పిలవలేదు. కొండ పైకి ఎక్కి తలుపు తట్టాం. నిక్ తలుపు తీసి, మా ముగ్గుర్నీ చూసి, "ఎవరు పోయారు?" అన్నాడు. "ఎవరూ పోలేదు, ఎవరూ పోకూడదనే వచ్చాం," అన్నాడు యుర్కో.

శనివారం హాలు కిటకిటలాడింది. వేటకి పోతామన్నవాళ్లలో ఒక్కడూ పోలేదు. పచ్చ అట్టల కుర్రాడు నిండిన హాలు చూసి మురిసిపోతూ కలాలు పంచబోయాడు. యుర్కో లేచి, ఈసారి కిటికీలు అదిరేలా, రోజ్మేరీ సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాడు. "మనకి తెలిసిన ఆయుధం ఒక్కటే. ఇది దానికి తగ్గ యుద్ధం కాదు. నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను," అని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం కూడా దాచుకోలేదు.

ఎమిల్ లేచాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు, అందరూ ఆగారు.

"ఎవరి ప్లాను వాళ్లు చూసుకోవాలి. కానీ ఒక్కడు కూడా ఒక్కడే కూర్చుని చూసుకోకూడదు. అందరిదీ అయ్యేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఆడవాళ్లతో సహా, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

నేను ఎత్తాను. ఆ హాలులో నేను వేసిన మొదటి ఓటు అది. గ్వెన్‌కి ఓటు లేకపోయినా ఎత్తింది, ఎవరూ అడ్డుచెప్పలేదు.

ఇంక చూడాలి ఆ సందడి! పేకాట బల్లలన్నీ మందుల సీసాలతో నిండిపోయాయి. ఒకడి మందు పేరు ఇంకొకడు కూడబలుక్కుని చదువుతున్నాడు. చర్చి ఆడవాళ్లు పిరోగీలు వేయిస్తున్నారు. ఎమిల్, నిక్ పక్కన కూర్చుని ప్రతి లైనూ చదివి వినిపించాడు. వంతెన దగ్గరి క్లినిక్కు తప్ప నిక్‌కి వేరే డాక్టరు లేడు, ఒక్కటే బిళ్ల, నోట్లో మాత్రం పళ్లన్నీ ఊగుతున్నాయి. పచ్చ ప్లాను అతని కోసమే కుట్టినట్టు సరిపోయింది. బిక్కమొహం వేసుక్కూర్చున్న కుర్రాడి ప్రాణం లేచొచ్చింది. నేను అతని ముందు ప్లేటు నిండా పిరోగీలు పెట్టి, "ఇదిగో, ఈసారి మా ఖర్చు," అన్నాను.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. ఎమిల్ కుర్చీలు సర్దుతున్నాడు.

"నాదీ అయింది. మరి నీది?" అన్నాను.

కుర్చీ కింద పెట్టి, అందులోనే కూర్చున్నాడు.

"నేను పచ్చదే పెట్టేవాణ్ణి వెర్నా. నువ్వు ఏడ్చినా పెట్టేవాణ్ణి. ఆవిడ దగ్గరికి వెళ్లడం ఆగిపోతే ఏమవుతానో నాకు తెలియదనుకున్నావా? రాత్రుళ్లు భయమేసేది. అయినా పెట్టేవాణ్ణి."

"తెలుసు," అన్నాను. రెండు నెలలుగా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. నా జీవితంలో అంత గట్టిగా ఏడ్చి ఎరగను. గ్వెన్ పాపం కంప్యూటరు వైపే చూస్తూ కూర్చుంది. ఏడుపు తగ్గాక ఎమిల్ కలం అడిగి తీసుకుని, అతుకు ప్లానుకి సంతకం పెట్టాడు.

జనవరిలో మంచు పడుతున్న రోజున పిట్స్‌బర్గు వెళ్లాం. డాక్టర్ వెక్స్లర్ ఆఫీసులో కొత్త పిల్ల కూర్చుని ఉంది. ఎమిల్ కొత్త కార్డులు రెండూ, అతుకుదీ మందులదీ, ఇచ్చాడు. ఆ పిల్ల అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఏదో కొట్టింది. కనుబొమ్మలు ముడిచింది. మళ్లీ కొట్టింది. ఎక్కడో తప్పు చేశాను, ఏదో లైను చూడలేదు, తలుపు మూసేశారు అనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఆ, సరిపోయింది. లోపలికి వెళ్లండి హుడాక్‌గారూ, డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు," అంది ఆ పిల్ల.

నేను కదల్లేదు. ఎమిల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఊపిరి పీల్చవే," అన్నాడు. "జబ్బు నాది."